తొమ్మిదో తరగతి, బి సెక్షన్ అభిప్రాయం

ఆఫీసు నుంచి వచ్చినాయన కాగితాలు పంచి వెళ్ళాడు.
కొత్త బోర్డుతో లెక్కలు బాగా అర్థమవుతున్నాయా?
చాలా. కొంచెం. లేదు. చెప్పలేను.
వరసగా నాలుగు గళ్ళు.
ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.
నేను పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను.

మాది గుంటూరు, చుట్టుగుంట పక్క మునిసిపల్ హైస్కూలు.
ఫిబ్రవరిలో కిటికీలు మూసినా యార్డు ఘాటు ఆగదు,
చతుర్భుజాల మధ్యలో ముప్పై ఎనిమిది తుమ్ములు.
తుమ్మనిది తెర ఒక్కటే.

షంషాద్ ఎప్పుడో పెట్టేసింది, 'చాలా'.
గ్రాఫు గీతని పట్టుకుని లాగితే
సమీకరణంలో అంకె మారుతుంటే
గాలిపటం దారం వేలికి జిల్లుమన్నట్టుంటుందట.
ఇన్నాళ్ళూ ఎక్స్ అంటే
మంచం కింద దాక్కున్న దొంగ అనుకునేదట,
ఇప్పుడు కాళ్ళు కనబడ్డాయంది.

వెనక బెంచీ ఏసుపాదానిది 'లేదు'.
రెండు దాటాక పడమటి ఎండ తెర మీద పడితే
వాడికి కనిపించేవి కిటికీ ఊచలు, వాడి మొహం.
"నా మొహంలో వర్గమూలం వెతుక్కోవాలా?"

కోటిరత్నం టీచరు పాత నల్లబోర్డు మీద
పురికొస చివర సుద్దముక్క కట్టి తిప్పేవారు.
అంతా తిరిగొచ్చి గీత
బయల్దేరిన చోటుకి వేలెడు దూరంలో ఆగిపోయేది.
మేం నవ్వేవాళ్ళం.
ఎందుకు కలవలేదో చెప్పండర్రా, అనేవారు.
తాడు వదులైందని ఒకరు,
మీ బొటనవేలు జరిగిందని ఒకరు.
వ్యాసార్ధం మారకూడదన్న సంగతి
నాకు ఆ వేలెడు సందులోనే దొరికింది.

ఇప్పుడు తాకితే చాలు, వృత్తం పుడుతుంది,
మచ్చ లేకుండా, నిండుగా.
ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు.
టీచరు కూడా కాసేపు
దాన్నే చూస్తూ నిలబడ్డారు.

అలాగని నాకు ఇష్టం లేదని కాదు.
మొన్న నన్ను పిలిచారు, మైనస్ మర్చిపోయాను.
వెనక్కి బాణం నొక్కితే
నా తప్పు ఎటు పోయిందో పోయింది.
నల్లబోర్డు మీదైతే డస్టరుతో ఎంత తుడిచినా
తెల్లటి నీడ మిగిలి, అన్నం బెల్లు దాకా
అందరూ నన్నే చూస్తున్నట్టుండేది.
సిగ్గు లేకపోవడం బాగుంది.
మైనస్ మాత్రం మళ్ళీ మర్చిపోయాను.

ఇంకొకటి ఉంది, గళ్ళలో పట్టదు.
మా అమ్మ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది.
రేషను బండి దగ్గర ఆమె వేలిముద్ర పడదు.
తుడుచుకుని పెట్టమ్మా, ఇంకో వేలు పెట్టమ్మా,
వెనక వరస గొణుగుతుంటే
పదివేళ్ళూ అయ్యేదాకా నిలబడుతుంది.
పేరెంట్స్ మీటింగు రోజు క్లాసు ఖాళీగా ఉంటే
అమ్మ తెర దగ్గరికెళ్ళింది.
చెయ్యి కొంగుకి రెండుసార్లు తుడుచుకుని
చూపుడువేలు ఆనించింది.
నీలం గీత పుట్టింది. వేలెటు పోతే అటు వచ్చింది.
"ఇది ముద్ర అడగదా?" అంది.
నాలుగు నిలువు గీతలు, మీద అడ్డంగా ఒకటి.
మళ్ళీ నాలుగు, ఒకటి. మళ్ళీ.
ఆఖర్న విడిగా రెండు.
"నిన్న తీసిన కిలోలు," అంది నాతో,
మేస్త్రి పదిహేనే రాశాడంది.

గుమ్మంలో టీచరు. ఎప్పుడొచ్చారో.
ఏమీ అనకుండా లోపలికొచ్చి సేవ్ నొక్కారు.

మర్నాడు అదే పాఠం చెబుదామనుకున్నారేమో,
కరెంటు పోయింది.
నల్లటి అద్దంలో ఎక్కడో అమ్మ గీతలు,
పైన మా మొహాలు.
టీచరు బీరువా తీసి సుద్దముక్క వెతుక్కున్నారు.

ఇవ్వండి ఇవ్వండి, అంటోంది మానిటరు జ్యోత్స్నాబాయి.
నాలుగు గళ్ళ మీదా ఏటవాలుగా
ఒక్క గీత గీసి ఇచ్చాను.
"ఇది చెల్లదే," అంది.
అయిదు, అన్నాను.
అర్థం కాక, కట్టలో అడుగున పెట్టేసింది.